విజయనగరంలో పాతకాలపు హాలోవీన్: గుమ్మడికాయ, రంగు కాగితం, చిన్న దీపం

పాతకాలపు పద్ధతిలో హాలోవీన్ చేసుకోవాలంటే ముందు కొనకుండా వదిలెయ్యాల్సినవి చెప్పుకోవాలి. ప్లాస్టిక్ పుర్రెలు, రబ్బరు ముసుగులు, నెత్తుటి మరకలు అచ్చేసిన చొక్కాలు, క్షణానికో రంగు మార్చే సీరియల్ లైట్లు. ఇవన్నీ ఈ పండగకి తర్వాత వచ్చి చేరినవి. నూరేళ్ల కిందట దీన్ని కాగితంతో, కూరగాయతో, చిన్న దీపంతో ఇంట్లోనే చేసుకునేవారు. ఆ మూడూ మన ఊళ్లోనే ఉన్నాయి. రైతుబజారులో గుమ్మడికాయ, స్టేషనరీ దుకాణంలో కాగితం, అటక మీద తాతగారి లాంతరు.

నవంబరు 1 క్రైస్తవులకి సకల పరిశుద్ధుల దినం. దాని ముందు రాత్రే హాలోవీన్. ఐర్లండు, స్కాట్లండుల్లో టర్నిప్ దుంపల్ని తొలిచి దీపం పెట్టేవారు. అక్కణ్ణుంచి అమెరికా వలస వెళ్లినవాళ్లకి అంతకంటే పెద్దగా, తొలచడానికి సులువుగా గుమ్మడికాయ దొరికింది. మనం ఇప్పుడు వింటేజ్ అని ముచ్చటపడే రూపం మాత్రం 1900 నుంచి 1935 లోపు స్థిరపడింది. అప్పటి పోస్టుకార్డుల మీద వీపు విల్లులా వంచిన నల్లపిల్లి, గుడ్లగూబ, మొహమున్న నెలవంక, చీపురు మీద ఎగిరే మంత్రగత్తె ఉండేవి. అమెరికాలో క్రేప్ కాగితం, అంటే ముడతలు ముడతలుగా ఉండి లాగితే సాగే పలచటి రంగు కాగితం, తయారుచేసే డెన్నిసన్ కంపెనీ 1909లో హాలోవీన్ అలంకరణల పుస్తకం వేసింది. 1920ల నుంచి బీస్టిల్ కంపెనీ అట్ట బొమ్మలు, తేనెపట్టులా విచ్చుకునే కాగితపు బంతులు అమ్మింది. ఆ బొమ్మల్లో ఒక గుణం గమనించండి. అవి భయపెట్టేదానికంటే నవ్వేది ఎక్కువ. మీ అలంకరణ సరిగ్గా కుదిరిందో లేదో తేల్చుకోవడానికి ఇదే గుర్తు.

రంగులు మూడు చాలు: గుమ్మడిపండు రంగు, నలుపు, మీగడ తెలుపు. ఊదా, చిలకాకుపచ్చ తగిలిస్తే పాతకాలం పోతుంది.

వాన, వేళ

ఇక్కడ అక్టోబరు అంటే తుఫానుల కాలం. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న మన తీరానికొచ్చాయి. అంత పెద్దవి రాకపోయినా ముసురు, గాలిలో తేమ మామూలే. కాగితం పనులన్నీ దీన్ని దృష్టిలో పెట్టుకునే చెయ్యాలి. కాగితం అలంకరణ డాబా మీద, వాకిట్లో వద్దు. వీధి గది, వరండా, అరుగు సరైన చోట్లు. పాత పెంకుటిల్లు, మండువా ఇల్లు ఉన్నవాళ్లకి సగం పని తగ్గుతుంది. చెక్క స్తంభాలు, దూలాలు, ఊచల కిటికీలు చాలామట్టుకు అలంకరణ తామే చేసేస్తాయి.

ఆ రోజు మనకి సూర్యుడు 5:25 ప్రాంతంలో అస్తమిస్తాడు. 6 దాటేసరికి చీకటి. పిల్లలుంటే 6 నుంచి 8:30 వరకు పెట్టుకోండి. దీపావళి కొన్నేళ్లు దీనికి బాగా దగ్గరగా వస్తుంది. 2024లో రెండూ ఒకే రోజు పడ్డాయి. అలాంటి ఏడు వీధిలో బాణసంచా కాలుతుంటే క్రేప్ కాగితం ఇంటి బయట ఒక్క ముక్క కూడా కట్టకండి. ఒక్క రవ్వ చాలు అంటుకోవడానికి. ఆ ఏటికి హాలోవీన్‌ని ముందు వచ్చే శనివారానికి జరుపుకోవడం మేలు.

గుమ్మడికాయ

మన తియ్య గుమ్మడి అమెరికా బొమ్మల్లో కనిపించేది కాదు. చదునుగా, బొద్దుగా, లోతైన నొక్కులతో ఉంటుంది. తొక్క గోధుమ, నారింజ, ఆకుపచ్చ కలిసి ఉంటుంది. కండ చాలా మందం. అందుకని విదేశీ వీడియోలో చూసినట్టే కోస్తే దీపం పెట్టాక మొహం వెలగదు. ఎదురుగా నిలబడితే వెలుగు కనిపిస్తుంది, రెండడుగులు పక్కకి జరిగితే కళ్లు నల్లటి సొరంగాల్లా ఉంటాయి. కండ మందంగా వదిలేస్తే అంతే.

4 నుంచి 5 కిలోల కాయ తీసుకోండి. తొడిమ ఎండి గట్టిగా ఉండాలి. అడుగు చదునుగా కూర్చోవాలి. అడుగున వేలితో నొక్కితే ఎక్కడా మెత్తగా తగలకూడదు. నొక్కుల మధ్య వెడల్పు ఎక్కువున్న వైపుని మొహంగా ఎంచుకోండి. కన్ను సరిగ్గా నొక్కు మీద పడితే గీత వంకరపోతుంది, కత్తి జారుతుంది.

ఎప్పుడు కొయ్యాలన్నది ముఖ్యం. ఈ తేమలో కోసిన గుమ్మడికాయ రెండో రోజుకే లోపల బూజు పట్టి, మూడో రోజుకి కుంగిపోతుంది. కాయని వారం ముందే కొని నీడలో ఉంచుకోవచ్చు. కొయ్యడం మాత్రం 31 ఉదయమే.

మూత పైన కొయ్యకండి, అడుగున కొయ్యండి. 12 సెం.మీ. వెడల్పున గుండ్రంగా కోసి తీసేస్తే కాయని దీపం మీద బోర్లించినట్టు పెట్టొచ్చు. పైన తొడిమ చెక్కు చెదరకుండా అందంగా ఉంటుంది, దీపం వెలిగించడానికి చెయ్యి లోపలికి దూర్చక్కర్లేదు. గింజలు, పీచు తీసేశాక గట్టి స్టీలు గరిటె అంచుతో మొహం వైపు కండని గీకుతూ పోండి. అక్కడ మందం 2 సెం.మీ.కి రావాలి, మిగతా చోట్ల 3 సెం.మీ. ఉండనివ్వండి. మందం తెలియడానికి చీపురుపుల్లని 2 సెం.మీ. దగ్గర సిరాతో గుర్తుపెట్టి బయటినుంచి గుచ్చి చూడండి. గుర్తు తొక్కని తాకేలోపే కొస లోపల కనిపిస్తే చాలినంత పలచనైనట్టే. 1.5 సెం.మీ. కంటే పలచన చేస్తే రాత్రి 8 అయ్యేసరికి నోటి మీద పెదవి వాలిపోతుంది.

మొహం పాత పోస్టుకార్డులోలా సాదాగా గియ్యండి. రెండు గుండ్రటి కళ్లు లేదా త్రికోణాలు, చిన్న ముక్కు, చెవి నుంచి చెవికి సాగిన నవ్వు, అందులో రెండో మూడో పెద్ద పళ్లు. కన్ను వెడల్పు 5 సెం.మీ.కి తగ్గకూడదు. కత్తిపీట ముక్కలు తరగడానికి బాగుంటుంది గానీ ఈ పనికి రాదు. 10 సెం.మీ. అలుగున్న, పళ్లున్న చిన్న కత్తి కావాలి. కత్తిని నిలువుగా కాకుండా కాస్త ఏటవాలుగా పట్టి, కోత లోపలి వైపు వెడల్పయ్యేలా కొయ్యండి. ఈ ఒక్క ఏటవాలుతో వెలుగు అన్ని పక్కలకీ పరుచుకుంటుంది. పిల్లలు మొహం గియ్యాలి, గింజలు తియ్యాలి. కత్తి పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.

కోసిన అంచులకి వాజలీన్ పలచగా రాస్తే సాయంత్రానికి ముడుచుకుపోకుండా ఉంటాయి. కొందరు బ్లీచింగ్ నీళ్లతో కడగమంటారు. వద్దు. మర్నాడు ఆ కాయ ఆవు తింటుంది.

లోపల కొవ్వొత్తి పెడితే తొడిమ వెనక 2 సెం.మీ. కన్నం తప్పనిసరి. గాలి ఆడకపోతే మంట నీలుగుతుంది, లోపలంతా మసి పడుతుంది. మొదటి పావుగంట పైకప్పు మీద చెయ్యి పెట్టి చూస్తూ ఉండండి. వేడిగా తగిలితే ఇంకా పొట్టి కొవ్వొత్తి పెట్టాలి. ప్రమిద, నువ్వులనూనె దీపం వాడకండి. దేవుడి ముందు పెట్టే దీపాన్ని దెయ్యం మొహంలో పెడితే ఇంట్లో పెద్దవాళ్ల మనసు కష్టపడుతుంది, అందులో న్యాయం ఉంది.

తీసిన కండ రెండు కిలోల దాకా వస్తుంది. గీకినది దప్పళంలోకి, ముక్కలు బెల్లం పులుసులోకి. గింజలు కడిగి, ఆరబెట్టి, ఉప్పునీళ్లు చల్లి మూకుట్లో వేయిస్తే ఆ సాయంత్రానికే చిరుతిండి.

ఇక అన్నిటికంటే జాగ్రత్త పడాల్సిన సంగతి. మన వీధుల్లో కోసిన గుమ్మడికాయకి వేరే అర్థం ఉంది. దిష్టి తీసి పగలగొట్టినదీ, కూడలిలో వదిలినదీ అదే. కాబట్టి మీ కాయ మీద కుంకుమ గానీ ఎర్రరంగు గానీ పడకూడదు. పక్కన నిమ్మకాయలు పెట్టకూడదు. గేటు బయట, నాలుగు రోడ్ల కలయికలో ఉంచకూడదు. బూడిద గుమ్మడిని అసలు ముట్టుకోవద్దు. అరుగు మీద, మెట్ల మీద, మొహం వీధివైపు నవ్వుతూ కనిపించేలా పెడితే ఎవరూ తప్పుపట్టరు.

తేనెపట్టు బంతి

పాతకాలపు కళ ఒక్కసారిగా తెచ్చే వస్తువు ఇదే. కొంటే ఖరీదు, చేస్తే రెండు గంటల పని. గాలిపటాల కాగితం, అంటే ఆ పలచటి రంగు కాగితం, నారింజ రంగుది 40 ముక్కలు కావాలి. ఒక్కోటి 20 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు. ఇంకా గ్లూ స్టిక్కు, రెండు అట్ట ముక్కలు, సూది, దారం.

ఒక తెల్ల అట్ట మీద 20 సెం.మీ. పొడవు వెంట కొలిచి, 2, 6, 10, 14, 18 సెం.మీ. దగ్గర నల్ల గీతలు, 4, 8, 12, 16 దగ్గర ఎర్ర గీతలు అడ్డంగా గియ్యండి. దీని మీద మొదటి కాగితం పరిస్తే గీతలు పైకి కనిపిస్తాయి. నల్ల గీతల మీద జిగురు రాసి రెండో కాగితం సరిగ్గా అంచుకి అంచు పెట్టి అంటించండి. దాని మీద ఎర్ర గీతల దారిలో రాసి మూడోది. మళ్లీ నల్లవి. నాలుగైదు పొరలు దాటాక గీతలు కనిపించవు కాబట్టి, అట్టని అలాగే ఉంచి కట్ట రెండు కొసల దగ్గర పొడుచుకొచ్చేలా గీతలు బయటికి పొడిగించి పెట్టుకోండి. స్కేలు రెండు కొసల్నీ కలిపి పెట్టి దాని వెంట రాస్తే తప్పు పోదు. రెండు పొరలకి వరుసగా ఒకే రంగు గీతలు పడితే అక్కడ గూడు తెరుచుకోదు, బంతికి గొంతు నొక్కినట్టు చీలిక వస్తుంది.

మైదా జిగురు, ఫెవికాల్ ఇక్కడ పనికిరావు. అవి పలచటి కాగితంలోంచి ఊరి మూడో పొరకి అంటుకుంటాయి. అప్పుడు మొత్తం ఒక అట్టముక్కైపోతుంది. పైగా మైదాకి బొద్దింకలు వస్తాయి.

40 పొరలూ అయ్యాక బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి. మర్నాడు పొడుగు అంచు వెన్నుగా 10 సెం.మీ. వ్యాసార్ధంతో అర్ధచంద్రాకారంగా కోసి, వెన్ను వెంట దారంతో మూడు చోట్ల కుట్టండి. రెండు పక్కలా అదే ఆకారంలో అట్ట అంటించి, మెల్లగా విప్పి, అట్టలు రెండూ కలిపి క్లిప్పు పెడితే బంతి. విప్పేటప్పుడు సన్నగా చిటచిటమంటుంది, భయపడకండి. ఒకే వైపు పొరలు సాగిపోయి రెండో వైపు వెలితిగా ఉంటే కాగితాలు చాలలేదన్నమాట. మరో పది వెయ్యాలి. నల్ల చార్టుతో కళ్లు, నవ్వు కోసి అంటిస్తే గుమ్మడికాయ సిద్ధం.

నల్లపిల్లి, కిటికీ, క్రేపు

ఊచల కిటికీకి లోపలినుంచి నారింజ గాలిపటం కాగితం బిగించి, దాని ముందు నల్ల చార్టులో కోసిన పిల్లిని అంటించండి. గదిలో చిన్న బల్బు వేస్తే వీధిలోంచి చూసేవారికి పిల్లి నీడలా నిలబడుతుంది. పిల్లి వీపు వంపు, నిగిడిన తోక, రెండు చెవులు స్పష్టంగా ఉంటే చాలు. మీసాలు, గోళ్లు కొయ్యబోతే చిరుగుతుంది.

క్రేప్ కాగితం దండలకి 5 సెం.మీ. వెడల్పు పట్టీలు కోసి, నారింజ ఒకటి, నలుపు ఒకటి కలిపి మెలి తిప్పి కట్టండి. ఎక్కువ బిగించి లాగితే మూలల్లో ముడతలు సాగిపోయి రాత్రికి వేలాడిపోతుంది. ఒక అంగుళం వదులుగా ఉంచండి. తడి తగిలితే క్రేపు రంగు వదులుతుంది. సున్నపు గోడ మీద ఆ నారింజ మరక మళ్లీ వెల్ల వేస్తే గానీ పోదు. గోడకి ఆనకుండా దూలం నుంచి దూలానికి కట్టడమే దారి.

వెలుగు

ట్యూబులైట్లు ఆపెయ్యండి. ఇది లేకుండా పై పనంతా వృథా. పసుపు వెలుగు బల్బులే, పెట్టె మీద 2200 లేదా 2700 కెల్విన్ అని ఉన్నవి, గదికి ఒకటి. పాత లాంతరుంటే చిమ్నీ ముగ్గుపిండితో తుడిచి, కిరోసిన్ బదులు లోపల బ్యాటరీ కొవ్వొత్తి పెట్టండి. నిజం మంటకీ కాగితానికీ మధ్య ఒక మీటరు దూరం. పక్కనే బకెట్టు నీళ్లు, ఒక తడి గోనెసంచి.

బట్టలు

అప్పట్లో అమెరికాలో మామూలు బట్టల మీద క్రేప్ కాగితం ఏప్రన్లు, టోపీలు వేసుకునేవారు. మనకింకా మంచి అవకాశం ఉంది. ట్రంకుపెట్టెలో అమ్మమ్మ చీర, బుట్టచేతుల రవిక, తాతగారి పంచె, నల్లకోటు. రెండు జడలు, చేమంతి దండ, కాటుక కాస్త ఎక్కువ దిద్దుకుని, మెడలో నల్ల గుడ్లగూబ అట్టబొమ్మ దారానికి వేలాడేస్తే 1950ల హాలోవీన్. దెయ్యం వెయ్యాలంటే పాలిస్టర్ దుప్పటికి కన్నాలు పెట్టకండి. పొందూరు ఖద్దరు పంచె ఒకటి నెత్తి మీంచి వదిలేస్తే ఆ జారుడు, ఆ మీగడ తెలుపు వేరే గుడ్డకి రావు. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో ఏకి నూలు తీస్తారు. అలాంటి గుడ్డని కత్తిరించే ప్రశ్నే లేదు. మొహం దగ్గర మడిచి, జుట్టుకి పిన్నులతో నిలపండి.

పాత పట్టుచీర ముందు పగటి వెలుగులో పట్టి చూడండి. మడతల దగ్గర గీతలుగా పలచబడి ఉంటే కట్టుకోవద్దు, కూర్చున్న మొదటిసారే చిరుగుతుంది. భుజం మీద ఉత్త పిన్ను గుచ్చకండి. కింద చిన్న నూలు గుడ్డముక్క వేసి రెండూ కలిపి గుచ్చండి. కలరా ఉండల వాసన పోవడానికి రెండు రోజులు నీడలో, గాలి తగిలేచోట ఆరెయ్యాలి. అత్తరు చల్లితే వాసన పోకపోగా మరక పడుతుంది.

మంత్రగత్తె టోపీకి ఒక్క నల్ల చార్టు చాలు. ఒక మూల కేంద్రంగా 38 సెం.మీ. వ్యాసార్ధంతో పావు వృత్తం గీసి కోసి, అంచులు 1.5 సెం.మీ. ఒకదానిమీదొకటి వేసి అంటిస్తే 58 సెం.మీ. చుట్టుకొలత శంకువు వస్తుంది. పెద్దవాళ్ల తలకి సరిపోతుంది. ఎదురు మూలలో 17 సెం.మీ. వ్యాసార్ధంతో అంచు చక్రం గియ్యండి. అదే కేంద్రంగా అందులో 9.2 సెం.మీ. వ్యాసార్ధంతో ఒక వృత్తం, దాని లోపల 7.7 సెం.మీ. వ్యాసార్ధంతో ఇంకో వృత్తం గీసి, చిన్నదాన్ని కోసి తీసెయ్యండి. రెండు వృత్తాల మధ్య పట్టీని వేలెడు వేలెడు దూరంలో చీల్చి, పైకి మడిచి, శంకువు లోపల అంటించండి. పిల్లలకి 38 బదులు 35 సెం.మీ., 9.2 బదులు 8.5 సెం.మీ., 7.7 బదులు 7 సెం.మీ.

తినుబండారాలు, ఆటలు

పాప్‌కార్న్‌ని పాకంలో ఉండలు చుట్టి పంచడం అక్కడి పాత అలవాటు. మనకి మురీ ఉండలు, అంటే మరమరాల ఉండలు ఉన్నాయి. 100 గ్రాముల మురీలు పొడి మూకుట్లో 3 నిమిషాలు వేయించి పక్కన పెట్టుకోండి. 150 గ్రాముల బెల్లం 3 చెంచాల నీళ్లతో కరిగించి, వడకట్టి, ముదురు పాకం పట్టండి. నీళ్లలో వేసిన చుక్క గట్టిపడి, గిన్నెకేసి కొడితే టంగుమనాలి. చెంచా నెయ్యి వేసి, పొయ్యి ఆపి, మురీలు కలిపి, చేతులు తడి చేసుకుంటూ వేడిమీదే చుట్టెయ్యాలి. 12 నుంచి 15 వస్తాయి. పాకం లేతగా ఉంటే ఈ వానాకాలంలో రెండు గంటలకే మెత్తబడతాయి. ముందు బటర్ పేపరులో చుట్టి, ఆపైన నారింజ కాగితంలో చాక్లెట్టులా మెలిపెట్టండి. రంగు కాగితం నేరుగా మిఠాయికి తగలకూడదు. పలాస జీడిపప్పు బద్దలు ఒక గుప్పెడు వేస్తే రుచి మారిపోతుంది.

స్కాట్లండు, ఐర్లండుల్లో దారానికి కట్టిన తిండిని చేతులు వెనక్కి కట్టుకుని తినే ఆట ఉండేది. దానికి చేగోడీ కుదిరినట్టు ఇంకేదీ కుదరదు. నోటికంటే 5 సెం.మీ. ఎత్తున, ఆటగాళ్ల మధ్య మీటరు దూరంలో కట్టండి. తర్వాత అందరూ లాంతరు చుట్టూ కూర్చుంటే ఒకరు బేతాళ కథ చెప్పాలి. కథ చెప్పేవారి మొహం మీద మాత్రమే వెలుగు పడేలా లాంతరు పెట్టండి.

వీధిలో

సిరిమానోత్సవంలో పులివేషాలు, తప్పెటగుళ్లు చూసిన ఊరికి వేషం కొత్త కాదు. అయినా పిల్లలు ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడగాలంటే రెండు రోజుల ముందే ఎనిమిది పది ఇళ్లతో మాట్లాడుకోండి. “పిన్నిగారూ, 31 సాయంత్రం పిల్లలు వేషాలేసుకుని వస్తారు, ఇబ్బంది లేదు కదా” అని అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఒప్పుకున్న ఇంటి గేటుకి నారింజ కాగితం ముక్క కట్టండి, అది లేని ఇంటికి పిల్లలు వెళ్లరు. మైల ఉన్న ఇళ్లు, గుడి పరిసరాలు వదిలెయ్యాలి. ఫొటోల కోసం శ్మశానానికి, సమాధుల తోటకి వెళ్లకండి. నవంబరు 2న క్రైస్తవులు తమవాళ్ల సమాధుల దగ్గర దీపాలు పెట్టుకుంటారు.

మర్నాడు

గుమ్మడికాయలో కారిన మైనం ముక్కలుగా తీసి, మసి పట్టిన కండ గీకేసి, మిగిలింది కత్తిపీట మీద ముక్కలు కోసి ఆవుకి పెట్టండి. మొహం ఉన్నదున్నట్టు చెత్తకుండీ పక్కన వదిలితే పొద్దున్నే ఎవరి గుండైనా ఆగుతుంది. క్రేపు దాచినా నిలవదు, తీసెయ్యండి. తేనెపట్టు బంతుల క్లిప్పు తీసి చదునుగా మూసి, పాత వార్తాపత్రికలో చుట్టి, ఎండిన వేపాకు నాలుగు రెబ్బలు వేసి బిస్కట్ల డబ్బాలో పెట్టండి. మూత బిగించే ముందు డబ్బాని ఒక పూట ఎండలో ఉంచితే తేమ మిగలదు.